ఓట్లు ఎక్కువ పడితే వార్త నిజమైపోతుందా?

ప్రశ్న: మేడమ్, నేను పేపర్ చదవడం మానేసి చాన్నాళ్ళైంది. రెడిట్, హ్యాకర్ న్యూస్ లాంటివాటిల్లో జనం ఓట్లేసి పైకి తెచ్చిన వార్తలే చదువుతున్నా. ఒక ఎడిటర్ ఇష్టం కన్నా వేలమంది ఓట్లు నయం కదా? మా అన్నయ్యేమో అది మంద తీర్పు, నమ్మొద్దు అంటాడు. మానెయ్యాలా?

జవాబు: మానెయ్యక్కర్లేదండీ, కానీ ఆ ఓటు దేనికి పడుతోందో తెలుసుకుని చదవండి. ఇది నిజమేనా అని చూసి ఓటేసేవాళ్ళు తక్కువ, నచ్చితే వేస్తారు, కోపం తెప్పిస్తే వేస్తారు, హెడ్డింగ్ చూసి లింక్ తెరవకుండానే నొక్కేసేవాళ్ళూ బోలెడుమంది.

పైగా వేలమంది తీర్పు అని మీరనుకుంటున్నది చాలాసార్లు మొదట చూసిన కొద్దిమంది తీర్పే. రెడిట్ బయటపెట్టిన పాత కోడ్‌లో ఏ పోస్ట్ పైన కనిపించాలో తేల్చే 'హాట్' లెక్క ఎలా ఉండేదంటే, మొదటి 10 ఓట్లకి ఎంత బలమో, 10 నుంచి 100కి చేరడానికి పడే తర్వాతి 90 ఓట్లకీ కలిపి అంతే బలం, పన్నెండున్నర గంటలు ఆలస్యంగా వచ్చిన పోస్టుకైతే పాతదాని పక్కన నిలబడ్డానికి పదోవంతు ఓట్లు చాలు. అంటే పోస్ట్ పెట్టిన కాసేపట్లో ఆన్‌లైన్‌లో ఎవరున్నారన్నదే దాని జాతకం. 2013లో సైన్స్ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది, ఇలాంటి సైట్‌లోనే లక్షకి పైగా కామెంట్లు తీసుకుని కొన్నిటికి రాగానే ఒక్కటంటే ఒక్క ఉత్తుత్తి అప్‌వోట్ (పైకి తెచ్చే ఓటు) వేశారు, చివరికి వాటి స్కోరు సగటున 25 శాతం పెరిగింది. కిందకి తొక్కే ఉత్తుత్తి డౌన్‌వోట్లని మాత్రం జనమే సరిచేశారు, పొగడ్తని ఎవరూ సరిచెయ్యలేదు. నాకు దీన్లో భయం అనిపించేది అదే.

ఏదైనా ఘోరం జరిగిన గంటల్లో మాత్రం వీటి జోలికి అస్సలు పోవద్దు. 2013 ఏప్రిల్‌లో బోస్టన్ మారథాన్‌లో బాంబులు పేలినప్పుడు రెడిట్‌లో కొంతమంది ఫొటోలు ముందేసుకుని నేరస్థుల్ని వెతకడం మొదలుపెట్టారు, అంతకుముందే కనిపించకుండాపోయిన, ఏ సంబంధమూ లేని ఒక కుర్రాడి పేరు పైకి తెచ్చారు, కొడుకు ఏమయ్యాడో తెలీక అల్లాడుతున్న ఆ ఇంటిమీద జనం విరుచుకుపడ్డారు. తర్వాత రెడిట్ క్షమాపణ చెప్పింది, కానీ ఆ ఇంట్లోవాళ్ళు పడ్డ నరకాన్ని ఏ క్షమాపణ తుడుస్తుంది చెప్పండి.

మరి ఎందుకు చదవమంటున్నానంటే, సైన్స్, కంప్యూటర్లు, చట్టం లాంటి విషయాల్లో ఆ పని చేసేవాళ్ళే వచ్చి కింద రాస్తారు, ఎడిటర్ కంటికి ఆనని మంచి వ్యాసం అక్కడ దొరుకుతుంది. అందుకే హెడ్డింగ్ దగ్గర ఆగకుండా లింక్ తెరవండి, ఎవరు రాశారో, తేదీ ఏంటో చూడండి (ఏళ్ళనాటి వార్త కొత్తదానిలా తిరిగొచ్చేస్తుంటుంది), తర్వాత కామెంట్లలో అందరూ ఔనన్నది కాకుండా ఆధారం చూపించి కాదన్నవాణ్ణి వెతకండి. పైన కనిపించకపోతే, రెడిట్‌లో అయితే కామెంట్ల వరసని 'న్యూ'కి మార్చి చూడండి. ఇంకోటి, మీ ఊరి బడ్జెట్, మీ బడి, మీ ఆస్పత్రి గురించిన వార్తకి ఎక్కడో ఉన్నవాళ్ళు ఎందుకు ఓటేస్తారు? వాటికోసం విలేకరి ఉన్న పేపర్ ఒకటి మళ్ళీ చదవడం మొదలుపెట్టండి.

ప్రశ్న: ఒకప్పుడు డిగ్ అని ఇలాగే ఓట్లతో నడిచే సైట్ తెగ వాడేవాళ్ళం. అంత పెద్ద సైట్ ఎందుకు పడిపోయింది?

జవాబు: 2004లో మొదలైన డిగ్, రెడిట్ కన్నా కొన్ని నెలలు పెద్దది. పలుకుబడి ఉన్న కొద్దిమంది యూజర్లే (పవర్ యూజర్లు) మొదటి పేజీని శాసిస్తున్నారని ముందునించీ గొడవ ఉండేది. 2010 ఆగస్టులో కొత్త డిజైన్ తెచ్చి, పత్రికలవాళ్ళు తమ వార్తల్ని నేరుగా పంపించుకునేలా చేసి, నచ్చనిదాన్ని కిందకి తొక్కే 'బరీ' బటన్ తీసేశారు. యూజర్లకి ఒళ్ళు మండి, డిగ్ మొదటి పేజీ నిండా రెడిట్ లింకులే నింపేసి గుంపులుగా అక్కడికి వెళ్ళిపోయారు. 2012లో డిగ్‌ని ముక్కలుగా అమ్మేశారు. ఓటే తప్ప ఇంకేం లేని సైట్‌లో ఆ ఓటుకి విలువ తగ్గించాక జనం ఇంకెందుకుంటారు?