తండ్రీకొడుకులు కలిసే సీన్ అతకడం లేదా? ఇలా చేసి చూడండి

మీరు పంపిన స్క్రిప్టులో లోపం చివరి ఆసుపత్రి సీన్‌లో లేదు, దానికి ముందుంది. ముంబైలో మట్టిపనికి పోయిన నాయిన ఏళ్ల తర్వాత పాలమూరు వస్తాడు, కొడుకు మాట్లాడడు, చివర్లో ఆసుపత్రిలో ఇద్దరూ ఏడ్చి కలిసిపోతారు అని రాశారు. కానీ ఆయన లేనప్పుడు ఆ పిల్లోడు ఏం పోగొట్టుకున్నాడో ఎక్కడా చూపించలేదు.

1. కోపాన్ని ఒక్క సంఘటనకు దించండి. పీర్ల పండక్కి వలస పోయినోళ్లంతా ఊరికొచ్చారు, ఈయన రాలేదు, వాడు ఆఖరి బస్సు దాకా చూశాడు. చాలు.

2. చాలామంది మరిచిపోయేది తల్లిని. మన ఇళ్లల్లో మాటలు బందైన తండ్రీకొడుకులు ఆమె మీదుగానే మాట్లాడుకుంటారు కదా, అదీ ఒకే అర్రలో కూర్చొని:
"అమ్మా, నాయినను అన్నం తినుమను."
"వానికి చెప్పు, మోటరు బంద్ చేసి రమ్మని."
దీన్ని మొదటినుంచీ మూడు నాలుగు చోట్ల నడపండి. తర్వాత ఆమెను ఒక్క రాత్రి ఇంట్లో లేకుండా చేయండి (చంపకండి! దీపావళి దాటాక కురుమూర్తి జాతరకు, ఉద్దాల ఉత్సవం, అంటే స్వామి పాదుకల ఊరేగింపు, చూడటానికి పంపండి). ఆ రాత్రే బర్రె ఈనాలి, దూడ కాళ్లు బయటికొచ్చి ఆగిపోవాలి, లాగడానికి ఇద్దరు కావాలి. మధ్యలో చెప్పే మనిషి లేదు కాబట్టి కొడుకు నేరుగా "గట్టిగ పట్టుకో నాయినా" అంటాడు. మీ క్లైమాక్స్ అదే.

3. క్షమించమనే డైలాగు, వెనక పాట రెండూ తీసేయండి. ఆసుపత్రి కూడా అక్కర్లేదు, షూటింగు ఖర్చు మిగులుతుంది.