కప్పల్ని కోయనంటున్న అమ్మాయిని ఫార్మసీలో చేర్చాలా?

అడిగినావిడ ప్రశ్న క్లుప్తంగా ఇదండి. వాళ్ల అమ్మాయికి బి.ఫార్మసీ సీటు వచ్చింది. ఎలుకల్నీ కప్పల్నీ చంపాల్సి వస్తుందని ఎవరో చెబితే ఆ పిల్ల చేరనని భీష్మించుకు కూర్చుంది. ఇంట్లోవాళ్లేమో "మరి మందులు ఊరికే వస్తాయా" అంటున్నారు. అసలు జంతువుల మీద ప్రయోగాలు న్యాయమేనా, లోపల చూసినవాళ్లు చెప్పండి అన్నారు.

లోపల చూసినదాన్నే. కోనసీమలో పుట్టాను. డెల్టాలోనే బి.ఫార్మసీ, ఎం.ఫార్మసీ చదివి, తర్వాత కొన్నేళ్లు పాఠాలు కూడా చెప్పాను. కాలేజీల పేర్లు మాత్రం అడక్కండి.

ముందు మీ భయం తీర్చేస్తాను. ఇప్పుడు బి.ఫార్మసీలో మీ అమ్మాయి ఏ ప్రాణినీ చంపక్కర్లేదు. జంతు ప్రయోగాలన్నీ సాఫ్ట్‌వేర్లో, వీడియోల్లో చూపించాలని ఫార్మసీ కౌన్సిల్ సిలబస్‌లోనే రాసి ఉంది. పుదుచ్చేరి జిప్మర్ వైద్య సంస్థలో తయారైన ఎక్స్-ఫార్మ్ లాంటి సాఫ్ట్‌వేర్లు చాలా కాలేజీల్లో వాడతారు. తెర మీద కప్ప కండరం, పక్కన మందుల సీసాలు, నొక్కితే గ్రాఫ్ వస్తుంది. జువాలజీ డిగ్రీ వాళ్లకు కూడా డిసెక్షన్లు తగ్గించమని యూజీసీ 2011లో చెప్పి, 2014లో పూర్తిగా ఆపించింది.

మా రోజుల్లో అలా కాదండి. 2005లో ఫార్మకాలజీ (మందులు ఒంట్లో ఎలా పనిచేస్తాయో చదివే సబ్జెక్టు) ప్రాక్టికల్ ఉన్న రోజు పొద్దున్నే ఒకాయన తడి గోనెసంచి భుజాన వేసుకుని వచ్చేవాడు. నిండా బోదురు కప్పలు. రాత్రి లైటు వేసుకుని చేలల్లో, పంట బోదెల్లో పట్టినవి. అటెండరుకి లెక్కపెట్టి అప్పజెప్పి, డబ్బులు తీసుకుని పోయేవాడు. (కప్పలు పోతే చేలో పురుగు పెరుగుతుందని గొడవ జరిగి, కప్ప కాళ్ల ఎగుమతిని దేశం 1987లోనే ఆపేసింది. మా గోనెసంచికి ఆ సంగతి తెలియదు.)

కప్పని ఎడమ చేత్తో ఒడిసి పట్టుకుని, తల వెనకున్న చిన్న పల్లాన్ని వేలితో తడిమి, అక్కడ సూది దించి తిప్పాలి. పిథింగ్ అంటారు. మెదడు, వెన్నుపాము పోతే కప్పకి నొప్పి తెలియదు. సూది సరిగ్గా దిగితే అది నిజమే. కానీ పందొమ్మిదేళ్ల పిల్ల వణుకుతూ మొదటిసారి దించే సూది సరిగ్గా దిగదు. నాది మూడోసారికి దిగింది.

ఆ తర్వాత పొట్ట మీది కండరం కోసి, రింగర్ ద్రావణంలో (కండరం చావకుండా ఉంచే ఉప్పునీళ్లు) వేలాడదీసి, ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం వేస్తే అది ముడుచుకుంటుంది. మసి పట్టించిన కాగితం చుట్టిన డ్రమ్ము మీద ఆ ముడుచుకోవడం తెల్ల గీతగా పడుతుంది. డోసు పెంచేకొద్దీ గీత పొడుగవుతుంది, ఒక హద్దు దాటాక ఇక పెరగదు. ప్రయోగమంతా అంతే. ఇది మా మేడంకి తెలుసు, పుస్తకంలో ఉంది, గోడ మీద చార్టులోనూ ఉంది. నా గీతలు వంకరటింకరగా వచ్చాయి. రికార్డు సబ్మిట్ చెయ్యాలి కదా, హాస్టల్లో సీనియర్ అక్క రికార్డు అడిగి తెచ్చుకుని అందులో గ్రాఫ్ చూసి వేసేశాను. పదికి తొమ్మిది వేశారు. కప్ప చచ్చింది, గ్రాఫ్ మాత్రం పక్క రికార్డులోంచి వచ్చింది.

ఎవరు ఈ చర్చ ఎత్తినా నాకు ముందు ఆ గ్రాఫే గుర్తొస్తుంది.

ఎం.ఫార్మసీకి వచ్చేసరికి కప్పల స్థానంలో ఎలుకలు. థీసిస్‌కి 36 తెల్ల ఎలుకలు, ఆరు గ్రూపులు, గ్రూపుకి ఆరేసి. తొట్లలో కింద ఊక పరిచేవాళ్లం. ఊకకి మాకేం కొదవ, ఊరి చుట్టూ రైసు మిల్లులే. వెనక కాలి పాదంలో కారాజీనన్ అనే పదార్థం ఎక్కిస్తే కాసేపటికి పాదం వాస్తుంది. ముందుగా తాగించిన ఆకు సారం ఆ వాపుని ఎంత తగ్గించిందో గంటగంటకీ కొలవాలి. కంట్రోల్ గ్రూపు ఎలుకలకి వాపు ఒక్కటే, మందు ఉండదు. నేను తీసుకున్న ఆకు వావిలి. వావిలాకు వాపులకి మంచిదని మా అమ్మమ్మకి తెలుసు, మా ఊళ్లో బాలింతలకి ఆ ఆకు కాచిన నీళ్లే పోస్తారు. అమ్మమ్మ మాట రుజువు కాదు, ఒప్పుకుంటాను. కానీ ఎలుక పాదం మీది రుజువు కూడా నాకంటే ముందే ఎందరో చేసి అచ్చు వేయించారు. నేను చేసిందల్లా ఆకు వేరే ఊళ్లో కోయడం, సారం తీసే ద్రావణం కాస్త మార్చడం. డిగ్రీ వచ్చింది. దాన్నించి ఏ మందూ రాలేదు, వస్తుందని నా గైడు కూడా అనుకోలేదు.

సెలవులకి ఇంటికెళ్లి ఇదంతా నాన్నగారికి చెబితే నవ్వేశారు. "మన చేలో బుట్టలు పెట్టించి, ఎలుకకింత అని కూలి ఇచ్చి పట్టిస్తాం కదమ్మా. ఏడాదికి ఎన్ని వందలు పోతాయో లెక్క లేదు. నువ్వు ముప్పై ఆరు ఎలుకలకి అన్నం మానేస్తావా?" అన్నారు. ఆయన చేసేది వ్యవసాయం, ఆ మాటకి అప్పుడు నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడైతే ఒకటి ఉంది. చేలో ఎలుక మన గింజ తింటోంది, దాన్ని ఆపకపోతే మనకి తిండి ఉండదు, పైగా దానికి పారిపోయే దారి కూడా ఉంది. బోనులో ఎలుకకి తిండి పెట్టిందీ నేనే, కాలు వాచేలా చేసిందీ నేనే, పారిపోకుండా మూత వేసిందీ నేనే. అలాంటప్పుడు ఎందుకు చేశావని అడిగితే చెప్పుకోదగ్గ కారణం ఉండాలి. నా దగ్గర ఉన్నది డిగ్రీ ఒక్కటే. అయినా సంక్రాంతికి కోడి కాలికి కత్తి కట్టి బరి చుట్టూ లక్షలు పందెం కాసే చోట కప్ప గురించి బాధపడితే నవ్వరా మరి.

ఆ తర్వాత నాలుగేళ్లకి, సార్వా కోతలప్పుడు, పనలు తిరగేస్తుంటే నాన్నగారిని రక్తపింజరి కరిచింది. మా బాబాయి ముందు మంత్రం వేసే ఆయన దగ్గరికి తీసుకుపోయాడు, గంట పోయింది. ఆసుపత్రికి చేరేసరికి చిగుళ్లలోంచి రక్తం. అక్కడ గాజు గొట్టంలో రక్తం తీసి ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచారు. గడ్డ కట్టలేదు, అంటే విషం రక్తంలో పనిచేస్తోందన్నమాట. పది వయల్స్ విరుగుడు ఎక్కించారు. ఒళ్లంతా దద్దుర్లు లేచాయి, వాటికి ఇంకో ఇంజెక్షన్. ఆరు గంటలాగి మళ్లీ గొట్టం, మళ్లీ గడ్డ కట్టలేదు, ఇంకో పది వయల్స్. ఆ రాత్రి వరండాలో కూర్చుని ఆ గొట్టాన్ని చూస్తున్నప్పుడు నాకు ఏ నైతిక చర్చా గుర్తు రాలేదు. ఇది నిజం. తెల్లారగట్ల మూడోసారి తీసిన రక్తం గడ్డ కట్టింది.

ఆ దద్దుర్లు ఎందుకొచ్చాయో నాకు తెలుసు. ఆ మందు గుర్రం రక్తంలోంచి తీసింది, మన ఒంటికి ఒక్కోసారి పడదు. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి, ఈ నాలుగు పాముల విషాన్ని చాలా కొద్ది కొద్దిగా, పెంచుకుంటూ గుర్రాలకి నెలల తరబడి ఎక్కిస్తారు. వాటి రక్తంలో విరుగుడు తయారయ్యాక తీసి శుద్ధి చేస్తారు. విషం ఎక్కువగా తమిళనాడులో ఇరుల తెగవాళ్ల సహకార సంఘం నుంచి వస్తుంది, 1978లో పెట్టుకున్నది. మందు తయారయ్యాక ప్రతి బ్యాచినీ చిట్టెలుకల మీద పరీక్షిస్తారు. విషమూ మందూ కలిపి ఎక్కించి, ఎన్ని బతికాయో ఎన్ని చచ్చాయో లెక్కేస్తారు. మిల్లీలీటరు మందు 0.6 మిల్లీగ్రాముల రక్తపింజరి విషాన్ని విరవాలి అన్న అంకె సీసాతో వచ్చే కాగితంలో ఉంటుంది. ఆ అంకె వెనకున్నది ఆ చిట్టెలుకలే.

ఈ విషయం మీద తత్వవేత్తలు రెండు వైపులా గట్టిగానే వాదించారు. పీటర్ సింగర్ లెక్క ప్రకారం బాధ ఎవరిదైనా బాధే, మనిషిది కాదు కదా అని దాన్ని తక్కువ తూచకూడదు, ఒక ప్రయోగం వల్ల కలిగే మేలు ఆ బాధని మించుతుందా అని చూడాలి. టామ్ రీగన్ ఆ తూకమే తప్పన్నాడు. తన బతుకు తనకుండే ప్రాణిని ఇంకొకరి లాభానికి పనిముట్టుగా వాడకూడదు, ఎంత మేలు జరిగినా సరే. రీగన్ మాట విని ఉంటే మా నాన్నగారు లేరు. సింగర్ మాట విని ఉంటే నా థీసిస్ లేదు. రెండోదానికి నాకేం బాధ లేదు.

డెల్టాలో పుట్టినవాళ్లకి ఇంకో బాకీ కూడా ఉందండి. మా అమ్మమ్మకి బోదకాలు. ఏటా ఇంటింటికీ వచ్చి మింగించే డి.ఇ.సి. మాత్రలు మీకూ గుర్తుండే ఉంటాయి. ఆ మందు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం అమెరికాలో కనిపెట్టింది. 1947లో వాళ్లు ప్రచురించిన ఫలితాలు ఫైలేరియా పురుగులున్న పత్తి ఎలుకల మీద, కుక్కల మీద చూసినవే. అప్పటికి ఆ మందు పనిచేస్తుందో లేదో ప్రపంచంలో ఎవరికీ తెలియదు. నా కప్పకీ ఆ పత్తి ఎలుకకీ తేడా అక్కడే ఉంది. పత్తి ఎలుకని అడిగిన ప్రశ్నకి అప్పటికి జవాబు లేదు. కప్పని అడిగిన ప్రశ్నకి జవాబు గోడ మీద వేలాడుతోంది.

అలాగని "అవసరం" అన్న మాటని కూడా నేను పూర్తిగా నమ్మను. మా తమ్ముణ్ణి చిన్నప్పుడు కుక్క కరిస్తే బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లు పొడిచారు. ఆ టీకాని గొర్రెలకి రేబిస్ ఎక్కించి, వాటి మెదడులోంచి తీసేవాళ్లు. హిమాచల్‌లోని కసౌలీలో సెంపుల్ అనే బ్రిటిష్ డాక్టరు 1911లో మొదలుపెట్టిన పద్ధతి. కణాలని పెంచి తయారుచేసే టీకా బయట ఎప్పుడో వచ్చినా, మన దగ్గర ఆ గొర్రె మెదడు టీకా 2004 దాకా నడిచింది. గొర్రెలకీ మంచిది కాదు, వేయించుకున్న మనుషుల్లో కొందరికి ఆ టీకా వల్లే పక్షవాతం వచ్చేది. మొదట్లో అవసరమే అయినది తర్వాత ఒట్టి అలవాటుగా మిగిలింది. గుర్రాల సంగతీ రేపు అంతే కావచ్చు. జంతువు లేకుండా ప్రయోగశాలలో విరుగుడు తయారుచేసే పరిశోధన నడుస్తోంది. అది వచ్చిన రోజు "మా నాన్నని గుర్రమే కాపాడింది కదా" అని నేను పాత పద్ధతిని సమర్థిస్తే అది కృతజ్ఞత కాదు.

చట్టం గురించి రెండు ముక్కలు. 1960 జంతు హింస నిరోధక చట్టం ప్రయోగాలని నిషేధించలేదు, అదుపులో పెట్టింది. 1998 నిబంధనల తర్వాత ప్రతి సంస్థలో నైతిక కమిటీ అనుమతి లేకుండా జంతువుని ముట్టుకోకూడదు. సౌందర్య సాధనాల కోసం జంతువుల మీద పరీక్షలు 2014 నుంచి బంద్. కొత్త మందుల నిబంధనల్లో 2023లో మార్పు తెచ్చి, జంతువులు లేని పద్ధతుల ఫలితాలకీ చోటిచ్చారు. కాగితం మీద బాగానే ఉంది.

కాగితం బయట ఎలా ఉంటుందో చెబుతాను. పాఠాలు చెప్పే రోజుల్లో అలాంటి కమిటీలో నేనూ ఒక సభ్యురాలిని. ఒక కుర్రాడు పొడపత్రి ఆకుతో మధుమేహం మీద ప్రపోజల్ తెచ్చాడు. ఎలుకలకి స్ట్రెప్టోజోటోసిన్ అనే రసాయనం ఎక్కించి షుగర్ తెప్పించి, ఆకు సారం తాగించి చూడటం. మళ్లీ ముప్పై ఆరే. కమిటీలో ఉన్న పశువైద్యుడు ఒకే ప్రశ్న అడిగారు: "బాబూ, దీని జవాబు నీకు ఇప్పటికే తెలుసా, తెలియదా?" కుర్రాడు తల దించుకున్నాడు. నాకు నా గ్రాఫ్ గుర్తొచ్చింది. "తెలిసిందే అయితే వద్దు" అని నేనే అనాల్సింది. ఇంతలో ఎవరో "పిల్లాడి డిగ్రీ ఆగిపోతుందండి, పేదింటివాడు" అన్నారు. టీ వచ్చింది. గ్రూపుకి ఆరు బదులు ఐదు చాలని తేల్చి, ఆరు ఎలుకలు తగ్గించి, అందరం సంతకాలు పెట్టాం. నేనూ పెట్టాను. ఆ తర్వాతి మీటింగు నుంచి ఆ పశువైద్యుడి ప్రశ్న నేను అడగడం మొదలుపెట్టాను. మూడు ప్రపోజళ్లు వెనక్కి పంపాం, కొందరికి నా మీద కోపమొచ్చింది.

కాబట్టి మీ అమ్మాయిని చేరమనే నా సలహా. చంపడానికి చెయ్యి రానివాళ్లంతా బయటే ఉండిపోతే, ఆ గదుల్లో ఈ ప్రశ్న అడిగేవాళ్లే ఉండరు. ఎం.ఫార్మసీకి వెళ్తే ఫార్మాస్యూటిక్స్, అనాలిసిస్ లాంటి బ్రాంచీలున్నాయి, వాటిలో చాలావరకు జంతువుల జోలి ఉండదు. ఫార్మకాలజీనే తీసుకుంటే మాత్రం తప్పదు, ఆ నిర్ణయం అప్పుడు తనే తీసుకుంటుంది.

ఇంకొకటి. కాలేజీ చూడ్డానికి వెళ్లినప్పుడు యానిమల్ హౌస్ ఉందా, ఉంటే ఒక్కసారి చూపించండి అని అడగండి. లోపలికి రానివ్వరు, తలుపు దగ్గర నుంచుంటే చాలు. తలుపు తియ్యగానే ఎండు ఊక వాసన వస్తే తొట్లు ఎప్పటికప్పుడు మారుస్తున్నట్టు. అమ్మోనియా ఘాటు కళ్లలో కొడితే ఇంకో కాలేజీ చూసుకోండి.