మేక లేని అర్జీ

చిరంజీవికి ఆశీస్సులు.

ప్రాచీన గ్రీకుల వక్తృత్వ కళ మీద నువ్వు పంపిన పదకొండు పేజీల వ్యాసం అందింది. నా మనవడి ఈడువాడివని రాశావు కనుక చనువుగా నువ్వనే అంటున్నాను. ఏథెన్సు న్యాయస్థానంలో వాదనల సమయం కొలిచే నీటి గడియారం గురించి రాసిన నాలుగు వాక్యాలు బాగున్నాయి. సాక్ష్యం చదివి వినిపించేటప్పుడు నీటి ధారను ఆపేవారన్న సంగతి పట్టుకున్నావు, సంతోషం. నన్ను ఈ ఉత్తరానికి కూర్చోబెట్టింది మాత్రం మూడో పేజీలో ఉన్న వాక్యం: "ఎథోస్ అనగా వక్తకు సమాజంలో గల హోదా, కీర్తి ప్రతిష్ఠలు." దానికి తగ్గట్టే, నీకు వచ్చిన బహుమతుల జాబితా ఒక పేజీ నిండా రాసి వ్యాసానికి ముందు కుట్టావు.

గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ చెప్పింది దీనికి సరిగ్గా ఎదురు. వక్త మీద నమ్మకం అతడు ఆడుతున్న మాటల్లోంచే పుట్టాలనీ, అతడు ఎటువంటివాడో జనానికి ముందే ఉన్న అభిప్రాయంతో ఈ కళకు పని లేదనీ 'రెటోరిక్' అనే తన పుస్తకం మొదటి భాగంలోనే విడమరచి రాశాడు. నీకు ఆ తప్పు ఎక్కడ అంటుకుందో నాకు తెలుసు. వ్యక్తిత్వ వికాసం పేరుతో అచ్చవుతున్న పుస్తకాలు ఎథోస్ (వక్త మీద నమ్మకం), పేథోస్ (వినేవాళ్ళ ఉద్వేగం), లోగోస్ (తర్కం) అని మూడు గళ్ళు గీసి, ఒక్కో గడిలో రెండేసి ముక్కలు కుక్కి, అరిస్టాటిల్ ఇంతేనని జనాన్ని నమ్మించాయి. ముప్పై ఏళ్ళ కిందట నేనొక వారపత్రికకు ఏథెన్సులో ప్రసంగాలు రాసిపెట్టిన లిసియాస్ మీద వ్యాసం పంపితే, సంపాదకుడు దాన్ని తిప్పి పంపుతూ, పాఠకులకు కావలసింది మూడు సూత్రాలు గానీ ఈ దీపాలూ తలుపులూ కావని ఎర్ర సిరాతో రాశాడు. ఆరు నెలలు తిరక్కుండా అదే పత్రికలో 'మాటతో గెలవడానికి మూడు మెట్లు' అనే శీర్షిక మొదలైంది. ఏ పత్రికకు పంపాలని నువ్వు అడిగిన ప్రశ్న చదవగానే నాకు గుర్తొచ్చింది ఆ ఎర్ర సిరాయే.

ఆ లిసియాస్‌ను నువ్వు ఒకే ఒక్క పంక్తిలో, అదీ బ్రాకెట్లలో సరిపెట్టావు. ఏథెన్సులో దావా తెచ్చినవాడైనా, దావాలో ఇరుక్కున్నవాడైనా తన వాదన తానే వినిపించుకోవాలి. వినేవాళ్ళు చీటీలు తీసి ఎంపిక చేసిన మామూలు పౌరులు, మామూలు దావాల్లో వందల మంది. మాట నేర్వని మనిషి డబ్బిచ్చి ప్రసంగం రాయించుకుని, వల్లె వేసి, తన సొంత మాటల్లాగే చెప్పాలి. అలా రాసిపెట్టడమే లిసియాస్ జీవనోపాధి. తండ్రి సిరక్యూజు నుంచి వచ్చి స్థిరపడినవాడు కావడంతో అతడికి ఏథెన్సు పౌరసత్వం లేదు. క్రీ.పూ. 404లో అప్పుడు ఏథెన్సును ఏలుతున్న 'ముప్పై మంది' నియంతలు అతడి అన్న పొలెమార్కస్ చేత విషం తాగించి చంపారు, ఆస్తి కాజేశారు. వాళ్ళలో ఒకణ్ణి ఆ తరువాత నిలదీసినప్పుడు లిసియాస్ చెప్పిన ముక్క ఇది: ఇంట్లో అడుగు పెట్టీ పెట్టగానే వాళ్ళలో ఒకడు అన్న భార్య చెవుల నుంచి బంగారు పోగులు లాగేసుకున్నాడు.

అతడు యూఫిలీటస్ అనే గృహస్థుకు రాసి ఇచ్చిన ప్రసంగం చదివావా? భార్యతో ఉండగా పట్టుబడిన ఎరటోస్తనీస్‌ను చంపానని ఒప్పుకుంటూనే, చట్టం తనవైపే ఉందని యూఫిలీటస్ వాదించాలి. మొదటే చట్టం ఎత్తుకోకుండా, అతడు తన ఇంటి సంగతి చెబుతాడు. పసిబిడ్డకు నీళ్ళు పోయడానికి భార్య మెట్లు దిగలేక ఎక్కడ జారిపడుతుందోనని ఆమెను కింది అంతస్తులోకి మార్చి, తాను పై అంతస్తుకు వెళ్ళాడు. ఒక రాత్రి బిడ్డ ఏడిస్తే పాలిచ్చి రమ్మన్నాడు. ఆమె వెళుతూ వెళుతూ, ఏదో నవ్వులాటకన్నట్టు, ఇతడి గది తలుపు బయట నుంచి మూసి తాళం వేసుకుని పోయింది. అర్ధరాత్రి తలుపులు ఎందుకు చప్పుడయ్యాయని తెల్లవారాక అడిగితే, బిడ్డ దగ్గరి దీపం కొండెక్కిందనీ, పక్కింట్లో వెలిగించుకుని వచ్చాననీ చెప్పింది. ఆమె సొంత అన్నదమ్ముడు పోయి నెల అయినా కాలేదు, అయినా ఆమె ముఖాన తెల్లపొడి ఉన్నట్టు అతడికి తోచింది. మాట్లాడకుండా పనికి వెళ్ళిపోయాడు. ఆ మనిషి మంచివాడో, కాస్త మందమతో, పెళ్ళాన్ని నమ్మినవాడో వినేవాళ్ళకు ఈపాటికి తెలిసిపోతుంది. తాను మంచివాణ్ణని అతడొక్కసారి కూడా అననక్కరలేదు. అరిస్టాటిల్ ఎథోస్ అన్నది ఆ దీపంలో ఉంది నాయనా, నీ మొదటి పేజీలో లేదు.

నాకిది పుస్తకాలు చదివి అబ్బింది కాదు. డిగ్రీ అయ్యాక రెండేళ్ళు ఉద్యోగం లేక, తాలూకా కచేరీ ముందు వేపచెట్టు కింద ఒక దస్తావేజు లేఖరి పక్కన కూర్చుని అర్జీలు రాశాను. వితంతు పింఛను కోసం వచ్చిన ఒక ముసలామె కష్టమంతా విని, తహసీల్దారు గారి దివ్యసముఖమునకు అంటూ, దయార్ద్రహృదయులని ఒకటికి రెండుసార్లు పొగిడి, గొప్పగా రాశానని మురిసిపోయి చదివి వినిపించాను. ఆమె అంతా విని, "మా మేకేదయ్యా ఇందులో?" అంది. మగడి దహనానికి డబ్బు లేక, పాలిచ్చే మేకను కసాయికి అమ్ముకున్న సంగతి ఆమె మొదటే చెప్పింది. అర్జీకి అదెందుకని నేనే వదిలేశాను. మళ్ళీ కొత్త కాగితం తీసి మేకతో మొదలుపెట్టాను. పింఛను వచ్చిందో లేదో నాకు తెలియదు, ఆమె మళ్ళీ కనిపించలేదు.

తరువాత ఎన్నో ఏళ్ళకు లిసియాస్ రాసిన మరో ప్రసంగం ఇంగ్లీషులో చదివి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. అదీ పింఛను గొడవే. రోజుకు ఒక ఓబోలు (చిన్న వెండి నాణెం) చొప్పున నగరం ఇచ్చే భృతి ఒక అవిటివాడికి అక్కరలేదనీ, వాడు గుర్రాలెక్కి తిరుగుతున్నాడనీ ఎవరో ఆరోపించారు. నా దగ్గర డబ్బే ఉంటే జీను వేసిన కంచరగాడిద మీద హాయిగా కూర్చునేవాణ్ణి గానీ, అరువు గుర్రాలెందుకు ఎక్కుతానని వాడి జవాబు. అందరూ ఒక కర్ర పట్టుకుంటే నేను రెండు పట్టుకు నడుస్తున్నాను, అది కూడా నా బలానికి గుర్తని అనరేం అని ఎదురడిగాడు.

వక్తృత్వం మోసమా అని అడిగావు. ప్లేటో దాన్ని నాలుకను మురిపించే వంటతో పోల్చాడు. ఆ తగవు ఒక ఉత్తరంలో తేలేది కాదు. వంట మాట వచ్చింది కనుక నీ శైలి సంగతి చెప్పాలి. ఆల్కిడమాస్ అనే వక్త విశేషణాలను తాలింపులా వాడవలసింది పోయి భోజనంలా వడ్డిస్తాడని అరిస్టాటిల్ ఎత్తిపొడిచాడు. చెమట అంటే సరిపోయే చోట 'తడి చెమట' అన్నాడట. నీ వ్యాసంలో 'సువర్ణ వాక్ప్రవాహం', 'అజరామరమైన అమరత్వం' లాంటివి అడుగడుగునా తగులుతున్నాయి.

వ్యాసం ఇదే కవరులో తిప్పి పంపుతున్నాను. బహుమతుల పేజీని ఊడదీసి విడిగా పెట్టాను, జాగ్రత్తగా దాచుకో. తడి చెమటలు కనిపించిన ప్రతిచోటా పెన్సిలుతో గీత గీశాను. ఏడో పేజీ దాకా లెక్కపెడితే నలభై ఒకటి తేలాయి, ఆపైన లెక్క వదిలేశాను.