సమాధానం: ముందు ఒక జీబ్రా బొమ్మ చూపించండి

డాక్టర్ గారూ, విభాగాధిపతి అయ్యాక కేసుల సమావేశంలో జూనియర్లు నోరు విప్పడం లేదని బాధపడ్డారు. మీరు వివరించిన తీరు చూస్తే, వాళ్లు రోగి వివరాలు ముగించకముందే మీ నిర్ధారణ బయటికి వచ్చేస్తోంది. పెద్దవారు తేల్చేశాక చిన్నవారికి చెప్పడానికి ఏముంటుంది?

వచ్చే సమావేశంలో, కేసు మొదలుపెట్టే ముందు, ఆంగ్ల చిత్రకారుడు జార్జ్ స్టబ్స్ 1763లో గీసిన జీబ్రా చిత్రాన్ని తెర మీద పెట్టండి. ఇంగ్లండ్ రాణి షార్లెట్‌కు కానుకగా వచ్చిన జంతువు అది. గుర్రాల కళేబరాలను నెలల తరబడి కోసి, పొర పొరా చూసి బొమ్మలు వేసిన మనిషి కాబట్టి, స్టబ్స్ దాన్ని చారలు పూసిన గుర్రంలా గీయలేదు. వెనక్కి తిరిగిన చెవులు, గొంతు కింద వేలాడే చర్మం చూడండి. ఎంత ఓపిక!

పది నిమిషాలు కంటికి కనిపించింది మాత్రమే చెప్పమని జూనియర్లను అడగండి. ఎవరైనా ‘బెదిరింది’ అంటే, ఏది చూసి అలా అనిపించిందో అడగండి. అందరికంటే చిన్నవారు మొదట, మీరు చివర. వెంటనే అదే వరుసలో అసలు కేసు చర్చించండి.

ఈ చిత్రం ఉన్న అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయ మ్యూజియంలోనే చర్మవ్యాధుల ఆచార్యుడు ఇర్విన్ బ్రేవర్మన్, మ్యూజియంలో పనిచేసిన లిండా ఫ్రీడ్‌లెండర్ కలిసి వైద్య విద్యార్థులకు చిత్రాలతో పరిశీలన నేర్పారు. అలా నేర్చుకున్నవారు రోగుల ఫోటోలలో ఎక్కువ వివరాలు పట్టుకున్నారని 2001లో ప్రచురించారు.

మొదటి రెండు వారాలు గదిలో మౌనం ఇబ్బంది పెడుతుంది. దయచేసి దాన్ని మీరు నింపకండి.