క్యామ్రీయా, అకార్డా?

ప్రశ్న: మేం టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. వేసవిలో గుంటూరు నుంచి అత్తమామలు వస్తున్నారు. మామయ్యగారికి మోకాళ్ల నొప్పులు. ఈలోగా పెద్ద హైబ్రిడ్ సెడాన్ కొనాలి. టొయోటా క్యామ్రీ, హోండా అకార్డ్‌లలో ఏది నయం?
– ఒక పాఠకురాలు

జవాబు: మైలేజీ ఒక్కటే చూస్తే క్యామ్రీదే పైచేయి. 2025 మోడల్ ఎల్‌ఈ రకానికి గ్యాలన్‌కు 51 మైళ్లని ప్రభుత్వ లెక్క. అకార్డ్ హైబ్రిడ్‌కు రకాన్ని బట్టి 44 నుంచి 48. క్యామ్రీలో నాలుగు చక్రాలకూ శక్తినిచ్చే రకం కూడా దొరుకుతుంది, అకార్డ్‌లో లేదు. అయినా డాలస్ వైపు రోడ్డు మీద ఐస్ పడితే ఎవరైనా ఇంట్లో కూర్చోవలసిందే!

మీకు అసలు టెన్షన్ మామయ్యగారి మోకాళ్లు కదా. అకార్డ్ వెనక సీట్లో కాళ్లకు 40.8 అంగుళాల జాగా, క్యామ్రీలో 38. డిక్కీ కూడా అకార్డ్‌దే పెద్దది: 16.7 ఘనపుటడుగులు, క్యామ్రీది 15.1. పచ్చళ్లు, కారప్పొడులు కుక్కిన సూట్‌కేసులతో దిగేవాళ్లకు ఈ తేడా ఎయిర్‌పోర్టులోనే తెలుస్తుంది.

ఒక చిక్కుంది. రెండూ నేలకు దగ్గరగా ఉండే కార్లే. షోరూంలో ముందు సీటును మీవారికి సరిపోయేలా జరిపించి, మీరు వెనక కూర్చోండి. ముందు నడుము ఆనించి, తర్వాత రెండు కాళ్లూ కలిపి లోపలికి తిప్పండి. తల తగులుతోందేమో, లేవడానికి పట్టు దొరుకుతోందో లేదో చూడండి. నేనైతే అకార్డే కొంటాను. రోజూ ఆఫీసుకు చాలా దూరం వెళ్లాలంటే మాత్రం క్యామ్రీ. ధర అడిగేటప్పుడు పన్నులు, ఫీజులు, వాళ్లు తగిలించే అదనపు హంగులు అన్నీ కలిపి ఎంతో కాగితం మీద రాయించుకోండి.