పడక సీను తీసేసి చదివి చూడు

నెల్లూరు

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన స్క్రిప్టు చదివాను. మైపాడు పక్కన రొయ్యల గుంటలు, రాత్రి కాపలా కుర్రాడు, వాడికోసం వచ్చే మోహిని. వెబ్ సిరీస్‌కి మంచి సరుకే నాయనా. కానీ మొదటి ఎపిసోడ్‌లో పడక సీను తీసేసి చదివితే కథ ఎక్కడా తెగలేదు. అంటే ఆ సీను అక్కడ అక్కర్లేదు. కోరికా భయమూ ఒకే చోటు నుంచి పుట్టాలి. వాడి భార్య కువైట్‌లో ఉంది, గుంట దగ్గర పలకరించే దిక్కు లేదు. అందుకని మోహిని మొదట ఒంటిమీద చెయ్యి వేయకూడదు. "ఏంది, ఇంకా కూడు తినలా?" అని అడగాలి. వాడు లొంగాల్సింది ఆ మాటకి.

గుంటల దగ్గర నీళ్లు చిలికి గాలి కలిపే ఏరియేటర్లు రాత్రంతా ఎందుకు తిరుగుతాయో నీకు తెలుసు. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. కరెంటు పోయినప్పుడు జనరేటర్ వెయ్యకపోతే రొయ్యలు పైకి తేలతాయి. కాబట్టి ఆమె రాకకి వీణా గజ్జెలూ రాయొద్దు, ఏరియేటర్ ఆగిందని రాయి. వాడు లేవాలి. ఆమె చెయ్యి వదలదు. లేస్తే ఆమె పోతుంది, లేవకపోతే పంట పోతుంది. ఆ చేతి దగ్గరే రెండు పేజీలు ఉండు, అంటే తెరమీద సుమారు రెండు నిమిషాలు.

ఎపిసోడ్‌కొక మగాణ్ణి మోహించి చంపడం మానెయ్. మూడోదానికల్లా చూసేవాడు ముందే చెప్పేస్తాడు. రెండోదాంట్లో ఆమెకేం కావాలో తెలియాలి, మూడోదాంట్లో వాడే ఆమెని పిలవాలి. ఆమె చావుకి కారణమైన అత్యాచారాన్ని మాత్రం శృంగారం లైటింగులో రాయకు. ఈ ఒక్క విషయంలో నేను ఒప్పుకోను.

"చీర జారింది" అని వదిలేస్తే సెట్లో ఎవరికి తోచినట్టు వాళ్లు తీస్తారు, ఇబ్బంది పడేది నటి. ఏం కనబడాలి, కెమెరా ఎక్కడ ఆగాలి, అన్నీ రాయి. సంతకం పెట్టకముందే ఆమె ఆ పేజీలు చదవాలి. ఇలాంటి సీన్లు నటులకి ఇబ్బంది లేకుండా తీయించే ఇంటిమసీ కోఆర్డినేటర్‌ని పెట్టమని నిర్మాతని అడుగు.

ఓటీటీలకి వర్తించే 2021 ఐటీ నిబంధనల్లో యు, యు/ఎ 7+, 13+, 16+, ఎ అని వర్గాలున్నాయి. నీది ఎ, అంటే పెద్దలకి మాత్రమే, దానికి వయసు నిర్ధారణ తప్పనిసరి. అశ్లీలత పేరుతో 2024 మార్చిలో కేంద్రం 18 ఓటీటీలను ఆపేసింది. కథ లేకుండా ఒళ్లు మాత్రమే అమ్మే చోటికి స్క్రిప్టు ఇవ్వకు.

ముందు ఆ జనరేటర్ సీను ఒక్కటే తిరగరాసి పంపు.