మిడతల దండు అనంతపురం దాకా వస్తుందా? వేరుశనగ వేయాలంటే భయంగా ఉంది

ఈ ముంగారులో (తొలకరి కాలంలో) పది ఎకరాలు వేరుశనగ వేయబోతున్నాననీ, 2020 నాటి మిడతల వీడియోలు మళ్ళీ వాట్సాప్‌లో తిరుగుతున్నాయనీ, టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదనీ రాశారు. సూటిగా చెప్తాను. రాదు. ఎడారి మిడత మన చేల మీద వాలదు. మన చేలకు వచ్చేది వేరే ఉంది, ఎర్ర గొంగళి పురుగు. రెక్కలతో వచ్చిన రోజు దాన్ని మనం పట్టించుకోం. కాళ్ళతో నడిచి వచ్చే రోజుకు చేయగలిగేది పెద్దగా ఉండదు. నేనీ జవాబు రాస్తున్నది దాని కోసమే.

మిడత సంగతి ముందు ముగిస్తాను. 2020 మే నెలలో దండు రాజస్థాన్ దాటి మధ్యప్రదేశ్‌కు, అక్కడి నుంచి మహారాష్ట్రలో విదర్భ దాకా వచ్చిన మాట నిజం. ఒక చదరపు కిలోమీటరు దండులో తక్కువలో తక్కువ 4 కోట్ల మిడతలుంటాయి. ఒక్కొక్కటి రోజుకు తన బరువంత, అంటే 2 గ్రాముల పచ్చదనం తింటుంది. రోజుకు 100 నుంచి 150 కిలోమీటర్లు పోగలదు. లెక్క చూస్తే ఎవరికైనా గుండె జారుతుంది. కానీ అది తన రెక్కల బలంతో అంత దూరం పోదు, పగటిపూట గాలి ఎటు తోస్తే అటు పోతుంది. మన దగ్గర ఆషాఢంలో గాలి ఎటు నుంచి వస్తుందో మీకు తెలియనిదా? రామగిరి గుట్టల మీద గాలిమరలు చూడండి, అన్నీ పడమటికి ముఖం పెట్టి తిరుగుతుంటాయి. విదర్భ నుంచి మన వైపు దిగాలంటే ఆ గాలికి అడ్డంగా తోసుకురావాలి. మిడత ఆ పని చేయదు. పైగా దానికి గుడ్లు పెట్టడానికి తడిసిన ఇసుక నేల కావాలి, మన గరుసు నేల దానికి నచ్చేది కాదు.

అదే మే నెలాఖరులో రాయదుర్గంలో జిల్లేడు చెట్ల నిండా మిడతలు కనిపించాయని టీవీలో వచ్చింది గుర్తుందా? మా బావమరిది ఆ రోజు రాత్రి పదకొండుకు ఫోన్ చేసి, విత్తనకాయలు అమ్మేసి ఈ ఏడు బీడు పెట్టమంటావా అని అడిగాడు. వీడియో పంపమన్నాను. ఒంటి మీద పసుపు, నీలం పట్టీలు కనబడ్డాయి. ఇంకేముంది, చిన్నప్పుడు బడికి పోయే దారిలో మేం పట్టుకుని ఆడుకున్న జిల్లేడు మిడతే. దాని పిల్లను వేళ్ళతో నొక్కితే రసం చిమ్ముతుంది, కళ్ళలో పడిందంటే మంట. జిల్లేడు ఆకు తిని అక్కడే బతికేస్తుంది, దండు కట్టి ఊళ్ళు దాటదు. వ్యవసాయ అధికారులు కూడా ఇది ఎడారి మిడత కాదనే చెప్పారు. అయినా ఆ వారం రోజులు టీవీల్లో వేసిన సంగీతానికి ఎంతమంది రైతులకు నిద్ర పోయిందో. పంటను తినేది పంట మీద ఉండగా కెమెరా జిల్లేడు చెట్టు ముందు పెట్టారు. ఇప్పటికీ నాకు కోపం పోలేదు.

ఇప్పుడు అసలు దానికొస్తాను. ఎర్ర గొంగళి పురుగు. మా కళ్యాణదుర్గం వైపు కంబళి పురుగు అంటాం, బొంత పురుగు అనేవాళ్ళూ ఉన్నారు. మీరు కొత్తగా వ్యవసాయంలోకి వస్తున్నట్టు ప్రశ్న చదివితే అర్థమైంది. మీ ఊళ్ళో అరవై దాటిన ఎవరినైనా అడగండి, పేరు వినగానే చేతులు గోక్కుంటారు.

ఇది ఏడాదిలో పది నెలలు నేలలో ఉంటుంది. గెనాల (గట్ల) వెంట, వేపచెట్టు, కానుగ చెట్టు నీడన, జానెడు లోతులో, ఈతపండంత ముదురు రంగు గూటిలో. ముంగారు మొదటి గట్టి వాన పడి తడి కిందికి దిగితే చాలు, రెండో రోజో మూడో రోజో సాయంత్రం రెక్కల పురుగై పైకి లేస్తుంది. మా జేజి, అంటే నాయన వాళ్ళమ్మ, వాన వెలిసిన రోజు నుంచి వేళ్ళ మీద లెక్కపెట్టేది. "మూడో దినం చూడు నాయనా, పసుపు రాసుకొని పేరంటానికి వచ్చినట్టు వస్తాయి" అనేది. నిజంగానే ఆ తెల్ల రెక్క ముందు అంచున పసుపు గీత ఉంటుంది. వెనక రెక్క మీద నల్ల చుక్కలు. చేతిలో పట్టుకుంటే వేళ్ళకు తెల్లటి పొడి అంటుకుంటుంది.

ఆ రాత్రి మా కల్లంలో పెట్రోమాక్స్ లైటు పెట్టి, కింద వెడల్పాటి గంపలో నీళ్ళు పోసి, దాంట్లో కాస్త కిరసనాయిలు కలిపేవాళ్ళం. గంపకు లోపల పేడ అలికి, పాత గోనెపట్ట పరిచి, దాని మీద ప్లాస్టిక్ కాగితం వేసేవాళ్ళం, నీళ్ళు కారకుండా. ఏడున్నర దాటితే మొదలు. పురుగు లైటు దగ్గరికి తిన్నగా రాదు. వచ్చి, పైకి లేచి, ఒక్కసారిగా వెల్లకిలా తిరిగి, దబ్బున కింద పడేది. దానికి వెలుతురు అంటే ఇష్టమనే చిన్నప్పుడు నమ్మాను. 2024లో కొందరు శాస్త్రవేత్తలు హైస్పీడ్ కెమెరాలతో దీపాల చుట్టూ తిరిగే పురుగులను చిత్రించి, ఇష్టం కాదు అని తేల్చారు. పురుగు ఎగిరేటప్పుడు వెలుతురు ఉన్న వైపుకు వీపు పెడుతుంది. కోట్ల ఏళ్ళుగా వెలుతురంటే ఆకాశమే, కాబట్టి వీపు అటు ఉంటే తను సరిగ్గా ఎగురుతున్నట్టు. దీపం పక్కన ఉంటే పక్కకు, కింద ఉంటే తలకిందులుగా తిరిగిపోతుంది. అది చదివినప్పుడు మా గంపలో వెల్లకిలా పడిన తెల్ల రెక్కలే కళ్ళ ముందుకొచ్చాయి.

ఇందులో తిరకాసు ఏమిటంటే, ఒక్క ఇంటివాళ్ళు దీపం పెడితే లాభం లేదు. ఒక్కో ఆడపురుగు వందల గుడ్లు ఆకుల అడుగున గుంపుగా పెడుతుంది. మీ చేలో చంపితే పక్క చేలో పెడుతుంది. ఊరంతా అదే రెండు మూడు రాత్రులు మంటలు వేయాలి. మా చిన్నప్పుడు దండోరా వేయించేవారు, గెనాల మీద వరసగా మంటలు కనిపించేవి. ఇప్పుడు ఊళ్ళో తెల్లార్లూ వెలిగే వీధి దీపాలున్నాయి, కింద గంప మాత్రం లేదు. పురుగులన్నీ దీపం దగ్గరికి వస్తాయి, తెల్లారాక చచ్చినవి చావగా మిగిలినవి పక్కనే ఉన్న చేలోకి పోతాయి. ఊరిని ఆనుకున్న చేలకు ఎక్కువ పురుగు పట్టడానికి కారణం ఇదేనని నా నమ్మకం.

నేను ఏడో తరగతి చదివిన ఏడాది సంగతి చెప్తాను. ఆ ఏడు మంటలు ఎవరూ వేయలేదు, పీర్ల పండగ హడావిడిలో ఊరు ఊరంతా మర్చిపోయింది. తారు రోడ్డుకు అవతల చేను మాకంటే పది రోజులు ముందు విత్తారు. విత్తి ఆ ఇంటివాళ్ళు బెంగళూరుకు కూలికి పోయారు, చూసే దిక్కు లేదు. ఒక రోజు పొద్దున్నే నాయన చేను వైపు పోయొచ్చి, పెట్టిన సంగటి ముట్టకుండా కూర్చున్నాడు. "అవతల ఈనెలు తప్ప ఏం మిగల్లేదు. రేపటికి రోడ్డు దాటుతాయి" అన్నాడు.

నేను పరిగెత్తుకుంటూ పోయి చూశాను. అప్పుడే పొదిగిన పిల్లలైతే ఒకే ఆకు అడుగున పదులకొద్దీ అతుక్కుని పచ్చదనం గీకి తింటాయి, ఆకు జల్లెడలా కనిపిస్తుంది. అవి పెరిగి, రెండు అంగుళాల పొడవై, ఒళ్ళంతా ఎర్రటి వెంట్రుకలు తొడుక్కున్నాక గుంపు విడిపోతుంది. తిండి ఉన్నంతవరకు దేని దారి దానిదే. చేను ఖాళీ అయ్యాక మాత్రం అన్నీ ఒకే వైపు కదులుతాయి. ఆ రోజు నేను చూసింది అదే. బోడి చేను నేలంతా కదులుతోంది. చప్పుడు కూడా వినిపించింది, ఎండుటాకు మీద సన్న చినుకు పడినట్టు.

రాత్రంతా కాలువ తవ్వాం. రోడ్డు పక్క మా చేను పొడవు వంద బారలకు తక్కువ కాదు. నాయన, చిన్నాయన, పక్కింటి అన్నదమ్ములిద్దరు గడ్డపారలతో తవ్వుతుంటే, అక్కా నేనూ మట్టి లోపలి వైపు ఎత్తి పోశాం. అడుగు లోతు, జానెడు వెడల్పు. జేజి లాంతరు పట్టుకుని వెనకాలే వచ్చి, కొడవలితో గోడలు చెక్కేది. "గోడ నిలువుగా ఉండాల రా. వాలు పెడితే మీరే నిచ్చెన వేసినట్టు" అంది. కాలువకు బయట జిల్లేడు కొమ్మలు పరిచాం. దారిలో పచ్చి ఆకు దొరికితే పురుగు దాని కింద చేరుతుంది, తెల్లారి ఏరి చంపొచ్చు.

మరుసటి రోజు తారు చల్లబడ్డాక, పొద్దు గూకే వేళకు దాటాయి. కళ్యాణదుర్గం బస్సు వాటి మీదుగా పోయింది, టైరు గుర్తుల్లో పచ్చటి జిగురు. మిగిలినవి ఆగలేదు. కాలువ అంచుకు వచ్చి, ముందు సగం ఒళ్ళు గాలిలో ఆడించి, దొర్లి పడ్డాయి. నేను బోర్లా పడుకుని ఒకదాన్నే చూశాను. గోడ ఎక్కుతుంది, బెత్తెడు ఎత్తుకు వచ్చేసరికి కాళ్ళ కింద గరుసు రాలుతుంది, ఉండలా చుట్టుకుని కింద పడుతుంది. కాసేపు అలాగే ఉంటుంది. మళ్ళీ విప్పుకుని అదే చోట ఎక్కడం మొదలుపెడుతుంది. పదిసార్లకు పైగా చూశాను, ఒక్కసారి కూడా పక్కకు తిరిగి వేరే దారి వెతకలేదు. రెండడుగుల అవతల గోడ వాలుగా ఉన్న చోట మాత్రం ఒకదాని వెనక ఒకటి వరసగా ఎక్కి వచ్చేస్తున్నాయి. జేజి కేక వేసి కొడవలి పట్టుకుని పరిగెత్తింది.

కాలువ నిండాక పొడి మందు చల్లి మట్టి పూడ్చాం, దాని పక్కనే మళ్ళీ తవ్వాం. మూడు రోజులు. మా చేతులు, మెడలు దద్దుర్లతో వాచిపోయాయి, ఆ వెంట్రుకలు అంత చెడ్డవి. నాలుగు ఎకరాల్లో మూడున్నర నిలబడింది. పోయిన అరెకరం ఎక్కడిదంటే, ఎరువు బండి రావాలని ఒక మూల బండిదారి వెడల్పు తవ్వకుండా వదిలాం. రెండో రాత్రి అక్కడి నుంచి వచ్చాయి.

రెక్కలు రాని మిడత పిల్లలూ ఇలాగే ముందుకు నడుస్తాయి, కానీ కారణం వేరు. ఆగిన దాన్ని వెనకది కొరికి తింటుంది కాబట్టి ఆగవు. ఒంటరిగా పెరిగే మిడత గుంపులో పడి, వెనక కాళ్ళకు పదే పదే రాపిడి తగిలితే కొన్ని గంటల్లోనే దాని గుణం మారి గుంపు వెంట పడుతుంది. ఛాతీ భాగంలోని నరాల ముడుల్లో సెరటోనిన్ అనే రసాయనం పెరగడం వల్లే అలా జరుగుతుందని 2009లో కనుక్కున్నారు. కంబళి పురుగుకు ఈ రాపిడితో పని లేదు. దాన్ని నడిపేది వట్టి ఆకలి. అందుకే దారిలో జిల్లేడు కొమ్మ పెడితే ఆగుతుంది.

మిడత ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక మాట. చలికాలం మన జొన్న చేల మీద నుంచి మబ్బులా లేచే గులాబి గోరింకలు వేసవిలో మధ్య ఆసియాకు పోయి, మిడతలు బాగా ఉన్న చోట గూళ్ళు పెట్టి, పిల్లలకు మిడతల్నే మేపుతాయి. వాటిని డబ్బాలు కొట్టి తరుముతారు మనవాళ్ళు. జొన్న తింటాయి, కాదనను. అయినా నాకు వాటిని తరమబుద్ధి కాదు.

మందుల గురించి అడగకపోయినా చెప్తాను. వెంట్రుకలు దట్టంగా వచ్చిన పురుగు మీద మందు కొట్టినా సరిగ్గా పనిచేయదు, డబ్బు దండగ. మా పక్క ఊళ్ళో ఒక అంగడాయన రెండు మందులు కలిపి కొట్టమని మా చిన్నాయనకు ఇచ్చాడు, పురుగు చావలేదు, తేనెటీగలు చచ్చాయి. పురుగు పొదిగిన వారంలోపు, ఆకు జల్లెడలా ఉన్నప్పుడే ఆ ఆకులు తుంచి కిరసనాయిలు నీళ్ళలో వేయండి. చేను చుట్టూ అలసంద, ఆముదం సాళ్ళు వేస్తే తల్లి పురుగు ముందు వాటి మీదే గుడ్లు పెడుతుంది, వెతకడం సులువు. వేసవిలో లోతు దుక్కి చేసి, గెనాల పక్క, చెట్ల కింద ట్రాక్టరు పోని చోట గడ్డపారతో తవ్వించండి. గూళ్ళు పైకి వస్తే కాకులు, కొంగలు మడక వెనకే నడిచి ఏరుకుంటాయి.

మీరిప్పుడు చేయాల్సింది, మొదటి గట్టి వాన పడిన తేదీ క్యాలెండరు మీద రాసుకోండి. రెండో రాత్రి నుంచి మీ ఊరి చివరి వీధి దీపం కింద నిలబడి చూడండి. రెక్క అంచున పసుపు గీత కనిపిస్తే ఆ రాత్రే పక్క చేలవాళ్ళందరికీ ఫోన్ చేయండి, తెల్లారేదాకా ఆగొద్దు. ఆ తర్వాత కాలువ దాకా వస్తే మాత్రం ఎరువు బండి రెండు రోజులు ఆలస్యమైనా పరవాలేదు, బండిదారి కూడా తవ్వేయండి. మీది ఏ మండలమో రాస్తే, అక్కడ మా వాళ్ళెవరైనా ఉంటే ఈ ఏడు పురుగు లేచిందో లేదో కనుక్కుని చెప్తాను.